మోకాళ్ల నొప్పికి ఆక్యుపంక్చర్: సూదికి వెళ్లాలా, గాడ్జెట్ కొనాలా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

మీ ఫోన్‌లో ఒక్కసారి ‘మోకాళ్ల నొప్పి’ అని వెతికి చూడండి. ఇక ఏ యాప్ తెరిచినా అవే ప్రకటనలు వెంటపడతాయి. ఎలక్ట్రానిక్ ఆక్యుపంక్చర్ పెన్ను, లేజర్ పెన్ను, టెన్స్ మెషీన్, వేడినిచ్చే మోకాలి మసాజర్. సూది గుచ్చేది లేదు, మందు మింగేది లేదు, రోజుకు పదిహేను నిమిషాలు పెట్టుకుంటే చాలంటారు.

నేనూ కొన్నాను. గాడ్జెట్ల రివ్యూలు రాసేవాణ్ని కదా, నాకు తెలియదా అనుకున్నాను. జనగామ దగ్గర మా ఊళ్లో ఉండే అమ్మ కోసం ఒక ఆక్యుపంక్చర్ పెన్ను ఆర్డర్ పెట్టి, ఎలా వాడాలో వీడియో కాల్‌లో చూపించాను. వారం తర్వాత ఫోన్ చేసి అడిగితే, “మంచిగనే ఉన్నది బిడ్డా, తక్కువైనట్టే కొడుతున్నది. నువ్వు ఫికర్ చేయకు” అంది. మనసులో ఐదు స్టార్లు ఇచ్చేసుకున్నాను.

దసరాకు ఊరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. పెన్ను టీవీ కింది సొరుగులో పడి ఉంది. దాని పక్కనే నొప్పి గోలీల పట్టీలు, సగం ఖాళీ అయినవి. అమ్మ అరుగు మెట్లు పక్కకు తిరిగి, గోడ పట్టుకుని దిగుతోంది. నేను బాధపడతానని నొప్పి తగ్గిందని చెప్పింది. నొప్పికి మాత్రం రోజుకు రెండు గోలీలు మింగుతోంది.

అప్పుడు అర్థమైంది. ఫోన్‌ను రివ్యూ చేసినంత శ్రద్ధగా నేను ఈ పరికరాన్ని రివ్యూ చేయలేదు. ఈ ఆర్టికల్ ఆ తప్పు దిద్దుకోవడానికే. ఆక్యుపంక్చర్ నిజంగా పనిచేస్తుందా, ఆ పేరుతో అమ్మే గాడ్జెట్లు పనిచేస్తాయా, డబ్బు దేని మీద పెట్టాలి... ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మోకాలి సంగతి

వయసు పైబడ్డాక వచ్చే మోకాళ్ల నొప్పుల్లో ఎక్కువ భాగం ఆస్టియో ఆర్థరైటిస్. మనవాళ్లు ‘గుజ్జు అరిగింది’ అంటారే, అదే. ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి పలచబడుతుంది, కీలు లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరాలు బలహీనపడతాయి. అరిగిన గుజ్జును తిరిగి పెంచే సూది గానీ, పెన్ను గానీ, మెషీన్ గానీ ఇప్పటివరకు లేదు. ‘గుజ్జు మళ్లీ పుడుతుంది’ అని ప్రకటనలో ఉంటే అక్కడే ఆ పేజీ మూసేయండి.

బరువు, వయసుతో పాటు పని కూడా మోకాలిని అరగదీస్తుంది. ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద వంగి, బరువులెత్తి పని చేసేవాళ్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువ. జనగామలో వరి నాట్లు, మహబూబాబాద్‌లో మిర్చి తోటలు, భూపాలపల్లిలో సింగరేణి కేటీకే గనుల భూగర్భ డ్యూటీలు. 2016లో పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లాల్లో మోకాళ్లను వాడుకోని బతుకుదెరువు తక్కువే. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ఒక మోకాలి పట్టీ, ఒక నొప్పి గోలీల డబ్బా కనిపిస్తాయి.

అసలు ప్రమాదం ఆ గోలీలతోనే. డాక్టర్ చూడకుండా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఆక్యుపంక్చర్ లాంటి వాటి గురించి జనం అడగడానికి కారణం కూడా ఇదే. గోలీలు తగ్గించుకునే దారి ఏదైనా ఉందా అని.

సూది వైద్యం మన దగ్గరికి ఎలా వచ్చింది?

1938లో ఐదుగురు భారతీయ డాక్టర్ల బృందం చైనాకు వెళ్లింది. అందులో సోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలో ఉన్న డాక్టర్ బి.కె. బసు తర్వాత చైనాలో ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాకు తెచ్చారు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది.

విధానం సింపుల్‌గానే కనిపిస్తుంది. వెంట్రుక కంటే కాస్త మందంగా, పావు మిల్లీమీటర్ దాకా ఉండే స్టీల్ సూదులను మోకాలి చుట్టూ, కాలి మీద కొన్ని నిర్ణీత బిందువుల్లో గుచ్చి ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచుతారు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, కాలికి బయటి వైపు ఉండే ‘జుసాన్లీ’ అనే బిందువు వీటిలో బాగా పేరున్నది. సూదులకు చిన్న క్లిప్పులు పెట్టి సన్నగా కరెంటు పంపితే దాన్ని ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గాడ్జెట్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పరీక్షల్లో ఎంత స్కోర్ వచ్చింది?

ఫోన్ కంపెనీ చెప్పే బ్యాటరీ లెక్కను మనం నమ్మం, టెస్ట్ చేసి చూస్తాం. ఆక్యుపంక్చర్‌నూ పరిశోధకులు అలాగే పరీక్షించారు. కొందరికి నిజమైన సూదులు, కొందరికి ఉత్తుత్తి సూదులు. ఉత్తుత్తివంటే పైపైనే గుచ్చడమో, బిందువు కాని చోట గుచ్చడమో. రోగికి తేడా తెలియదు.

జర్మనీలో 1,007 మంది మోకాళ్ల నొప్పి రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. 26 వారాల తర్వాత చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించినవాళ్లు ఇలా ఉన్నారు:

- నిజమైన సూదులు వేయించుకున్నవారిలో 53.1 శాతం
- ఉత్తుత్తి సూదులు వేయించుకున్నవారిలో 51 శాతం
- మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవారిలో 29.1 శాతం

ఈ మూడు అంకెల్లోనే కథంతా ఉంది. సూదులకు వెళ్లినవాళ్లకు వెళ్లనివాళ్ల కంటే చాలా మేలు జరిగింది. కానీ సూది సరిగ్గా ఎక్కడ గుచ్చారన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. అంటే మేలు చేసినదాంట్లో ఎక్కువ భాగం సూది ఒక్కటే కాదు. ఒక మనిషి వారం వారం ఎదురుగా కూర్చుని, మోకాలిని చేత్తో పట్టి చూసి, ‘ఎలా ఉంది?’ అని అడగడం, నయమవుతుందన్న నమ్మకం కూడా అందులో ఉన్నాయి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2018లో 39 పరీక్షలను, 20,827 మంది రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణలో నిజమైన సూదులు ఉత్తుత్తివాటి కంటే మెరుగ్గా ఉన్నాయని తేలింది. తేడా మాత్రం చిన్నదే. 2021లో బీజింగ్‌లో 480 మందికి వారానికి మూడుసార్ల చొప్పున 8 వారాలు చేసి చూస్తే, ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌తో 60.3 శాతం, మామూలు సూదులతో 58.6 శాతం, ఉత్తుత్తివాటితో 47.3 శాతం మందికి మెరుగైంది.

అందుకే పెద్ద సంస్థల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో ‘కావాలంటే ప్రయత్నించవచ్చు’ అన్నట్టుగా షరతులతో సిఫారసు చేసింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో ఆస్టియో ఆర్థరైటిస్‌కు ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దని చెప్పింది. వ్యాయామం విషయంలో మాత్రం రెండింటిదీ ఒకటే మాట: అందరూ చేయాలి.

మరి గాడ్జెట్ల సంగతి?

ఇక్కడే అసలు మోసం. ప్రకటనల్లో చూపించే పరిశోధన సూదిది, అమ్మే వస్తువు వేరొకటి.

ఆక్యుపంక్చర్ పెన్ను: చవక రకాల్లో మీట నొక్కితే ‘టక్’మని చిన్న స్పార్క్ కొడుతుంది. గ్యాస్ స్టవ్ లైటర్‌లో ఉండే టెక్నాలజీనే ఇక్కడా వాడతారు. బ్యాటరీ రకాలు చర్మం మీద సన్నగా కరెంటు పంపుతాయి. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌లో కరెంటు సూది ద్వారా కండరం లోపలికి వెళ్తుంది, ఇందులో సూది ఉండదు, చర్మం మీది నుంచే పంపుతారు. పైన చెప్పిన ఏ పరీక్షలోనూ ఈ పెన్నును వాడలేదు. మా మాట: వద్దు.

లేజర్ పెన్ను: దీన్ని మాత్రం నేరుగా పరీక్షించారు. ఆస్ట్రేలియాలో 50 ఏళ్లు దాటిన 282 మంది మోకాళ్ల నొప్పి బాధితులకు 12 వారాలు సూది, లేజర్, ఉత్తుత్తి లేజర్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2014లో వచ్చాయి. ఉత్తుత్తి లేజర్ కంటే సూది గానీ, నిజమైన లేజర్ గానీ మెరుగ్గా పనిచేయలేదు. అది కూడా శిక్షణ ఉన్న డాక్టర్ల చేతుల్లో. ఇంట్లో ఎర్ర లైటు వెలిగించుకుంటే అంతకంటే ఏం జరుగుతుంది? మా మాట: వద్దు.

టెన్స్ మెషీన్: జిగురు ప్యాడ్లు అంటించి నరాలకు కరెంటు పల్స్‌లు పంపే పరికరం. నొప్పి సందేశం మెదడుకు చేరే దారిలో ‘గేటు’ ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన సిద్ధాంతం దీనికి ఆధారం. పెట్టుకున్నంతసేపు కొందరికి హాయిగా ఉంటుంది. కానీ మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్‌కు దీన్ని వాడొద్దని పైన చెప్పిన అమెరికా, బ్రిటన్ సంస్థలు రెండూ అన్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. మా మాట: ఫిజియోథెరపిస్ట్ చెబితే తప్ప కొనొద్దు.

వేడినిచ్చే మోకాలి మసాజర్: వేడి తగిలితే బిగుసుకున్న కండరం వదులవుతుంది, కాసేపు సుఖంగా ఉంటుంది. వేడినీళ్ల సంచి కూడా అదే పని చేస్తుంది, ధర చాలా తక్కువ. ఒక హెచ్చరిక: షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు చర్మం కాలుతున్నా తెలియదు. మీ అమ్మానాన్నలకు షుగర్ ఉంటే, డాక్టర్‌ను అడగకుండా ఇది గిఫ్ట్‌గా పంపకండి.

ఇప్పటికే ఒకటి కొని ఉంటే బాక్స్ మీద చూడండి. మన దేశంలో ఇలాంటి వైద్య పరికరాలకు దశలవారీగా లైసెన్స్ తప్పనిసరి అయింది. తక్కువ ముప్పు ఉన్న ఏ, బీ తరగతులకు 2022 అక్టోబర్ నుంచి, మిగతావాటికి 2023 అక్టోబర్ నుంచి. తయారీదారు పేరు, లైసెన్స్ నంబర్ లేని పరికరాన్ని ఒంటికి తగిలించుకోవద్దు.

మోకాలికీ ఒక బెంచ్‌మార్క్ ఉంది

‘నొప్పి తగ్గిందా?’ అని అడిగితే మన పెద్దవాళ్లు నిజం చెప్పరు. పిల్లలు డబ్బు పెట్టారు, బాధపడతారు అనుకుంటారు. నేను చేసిన తప్పు అదే, అడగకూడని ప్రశ్న అడిగాను. ఫోన్‌కు బెంచ్‌మార్క్ స్కోర్ ఉన్నట్టే మోకాలికీ ఒక టెస్ట్ ఉంది. డాక్టర్లు, పరిశోధకులు వాడేదే, ఖర్చేమీ లేదు.

చేతులు లేని మామూలు కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమనండి. ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టి, ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలిగారో లెక్కపెట్టండి. పక్కనే నిలబడి ఉండండి. ఆ అంకెను తేదీతో సహా ఫోన్‌లో రాసుకోండి. దానితో పాటు రోజుకు ఎన్ని నొప్పి గోలీలు వేసుకుంటున్నారో కూడా రాయండి.

ఏ వైద్యం మొదలుపెట్టినా ముందు ఒకసారి, నాలుగు వారాలకు ఒకసారి, ఎనిమిది వారాలకు ఒకసారి ఈ టెస్ట్ చేయండి. స్కోర్ పెరిగి గోలీలు తగ్గితే ఆ వైద్యం పనిచేస్తున్నట్టు. రెండూ కదలకపోతే డబ్బు ఆపేయండి. అది సూదైనా, మెషీన్ అయినా సరే.

సూదులకు వెళ్లాలనుకుంటే...

ఆక్యుపంక్చర్ పనికిరాదని మేం అనడం లేదు. డాక్టర్ వైద్యానికి తోడుగా, దాని బదులుగా కాకుండా, కొందరికి ఇది ఉపయోగపడుతుంది. వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి:

- ముందు ఎముకల డాక్టర్‌కు చూపించి, అది ఆస్టియో ఆర్థరైటిసేనని తేల్చుకోండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్లా ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్లా 2023లో మొదలయ్యాయి.
- మోకాలు ఎర్రగా, వేడిగా వాచినా, జ్వరం ఉన్నా, పడిన తర్వాత నొప్పి మొదలైనా, కీలు మధ్యలో పట్టేసినా సూదుల దగ్గరికి కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.
- సూదులు మీ కళ్ల ముందే సీల్ ఉన్న ప్యాకెట్ చించి తీయాలి, వాడాక పారేయాలి. ఒకరికి వాడినవి మరొకరికి వాడే చోట ఒక్క నిమిషం కూడా ఉండొద్దు.
- రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.
- ‘బీపీ, షుగర్ గోలీలు మానేయండి’ అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.
- ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎంత అని మొదటే అడగండి. ఎనిమిది, పది సిట్టింగులకు స్కోర్ కదలకపోతే ‘ఇంకో పది’ అంటే ఒప్పుకోవద్దు.

ఇంకో మాట. మంచి చోటు హనుమకొండలోనో, హైదరాబాద్‌లోనో దొరికితే ప్రయాణాన్ని కూడా లెక్కలో వేసుకోండి. జనగామ నుంచి హైదరాబాద్ సుమారు 85 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, నిజమే. కానీ అరిగిన మోకాలికి భారం టికెట్ కాదు, బస్సు మొదటి మెట్టు. వారానికి రెండుసార్లు ఆ మెట్టు ఎక్కి దిగి, కాళ్లు ముడుచుకుని గంటలు కూర్చుంటే, సూది ఇచ్చిన సుఖం తిరుగు ప్రయాణంలోనే కరిగిపోవచ్చు.

ఇంట్లో ఉన్న గాడ్జెట్ చాలు

మోకాలి నొప్పికి గట్టి ఆధారాలున్న వైద్యం తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామం. ఆ కండరం బలంగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది. ఇంట్లో చేసుకోగలిగినవి మూడు:

- కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి అదిమి 5 సెకన్లు పట్టుకోవాలి. ఒక్కో కాలికి 10 సార్లు.
- వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలిని మోకాలు వంచకుండా జానెడు ఎత్తు లేపి 5 సెకన్లు ఉంచాలి. 10 సార్లు.
- కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవాలి. మొదట్లో చేతుల ఆసరా తీసుకోవచ్చు.

మొదటిసారి మాత్రం ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా నేర్చుకోవాలి. ఆ తర్వాత పని ఫోన్‌ది. రోజూ రెండు అలారాలు పెట్టండి. ఫిజియో చూపించింది వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి. చదువు రానివాళ్లకు మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టండి. బరువు ఎక్కువ ఉంటే తగ్గించాలి. ఒక్క కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పి ఎక్కువైన రోజుల్లో గోలీకి ముందు పైపూత జెల్ వాడొచ్చేమో డాక్టర్‌ను అడగండి. నేల మీద కూర్చునే పనులకు ఒక ఎత్తు పీట, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ. మసాజర్‌కు పెట్టే డబ్బులో ఇవి వచ్చేస్తాయి.

మా అమ్మ స్కోర్

దసరా సెలవుల్లో మొదటిసారి టెస్ట్ చేస్తే అమ్మ స్కోర్ 6. డాక్టర్‌కు చూపించాం, గోలీల డోసు మార్చారు. ఫిజియో దగ్గర వ్యాయామాలు నేర్చుకుంది. ఆయన్ని అడిగే ఆక్యుపంక్చర్ కూడా 8 సిట్టింగులు చేయించాం. ఎనిమిది వారాలకు స్కోర్ 9. గోలీలు రోజుకు రెండు నుంచి వారానికి రెండు, మూడుకు వచ్చాయి.

ఇది సూది వల్లా, వ్యాయామం వల్లా? రెండూ కలిపి చేశాం కాబట్టి విడదీసి చెప్పలేను. సిట్టింగులు అయిపోయాయి, వ్యాయామం నడుస్తోంది, స్కోర్ పడిపోలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తాను, అమ్మ కుర్చీ గోడకు జరుపుతుంది, నేను లెక్కపెడతాను. మొన్న మధ్యలో నెట్ ఆగిపోతే తనే ఫోన్ చేసి, “ఏడు దాకా నువ్వు లెక్కపెట్టినవ్, తర్వాతవి నేనే లెక్కపెట్టుకున్న. తొమ్మిది అయినయ్” అంది.

మా తీర్పు

ఆక్యుపంక్చర్: డాక్టర్ వైద్యానికీ, వ్యాయామానికీ తోడుగా అయితే ప్రయత్నించవచ్చు. మేలు ఓ మోస్తరుగానే ఉంటుంది. ఎనిమిది, పది సిట్టింగుల్లో స్కోర్ కదలకపోతే ఆపేయండి.

ఆక్యుపంక్చర్ పెన్ను, లేజర్ పెన్ను: డబ్బు దండగ.

టెన్స్, మసాజర్: తాత్కాలిక సుఖం. షుగర్, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

కుర్చీ, ఫోన్ టైమర్, రోజూ పది నిమిషాలు మీరు: ఈ లిస్ట్‌లో మా మొదటి ర్యాంక్ వీటికే. ఈ రోజు రాత్రే ఇంటికి ఒక వీడియో కాల్ చేయండి. నొప్పి తగ్గిందా అని అడగకండి, ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో లెక్కపెట్టండి.